తెల్లదారం గిటార్లు

పత్తి పింజెను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, గిటారు మెడ అంచు వెంట పైనుంచి కిందికి మెల్లగా లాక్కొచ్చింది ద్వాలి. మెడ మధ్యకు వచ్చేసరికి ఒక పోగు ఎక్కడో తట్టుకుని ఆగిపోయింది. ఆ చోట కంటికేమీ కనపడదు. వేలు పెట్టి తడిమినా నున్నగానే ఉంటుంది. పత్తికి మాత్రం తెలిసిపోతుంది. ద్వాలి సన్న ఆకురాయి తీసి ఆ ఒక్క లోహపు మెట్టు కొసను రెండుసార్లు రాసి, మళ్ళీ పింజె అందుకుంది.

"ఇంకా ఎంతసేపు ద్వాలీ?" షెడ్డు అవతలి మూల నుంచి భాస్కర్ అడిగాడు. పొద్దున్నుంచీ అదే ప్రశ్న.

"పత్తి ఒప్పుకున్నంక సార్."

"నువ్వు, నీ పత్తి," అని గొణుక్కుంటూ అతను రంగు డబ్బా మూత వెతుక్కోవడంలో పడ్డాడు.

జూలూరుపాడు రోడ్డు పక్కనున్న ఆ రేకుల షెడ్డు ఒకప్పుడు పత్తి గోదాము. ఇప్పుడందులో కరెంటు గిటార్లు తయారవుతాయి. ఊళ్ళోవాళ్ళు దాన్ని వీణల షెడ్డంటారు. వీణలు కావు మహాప్రభో అని భాస్కర్ కొన్నాళ్ళు చెప్పి చూశాడు. ఒక పెద్దాయన "మరి తంబూరలా?" అని అడిగాక చెప్పడం మానేశాడు. ఉండేది ముగ్గురే. పగిడయ్య కర్ర కోసి గిటారు ఒళ్ళూ మెడా చెక్కుతాడు. ద్వాలి ఆ మెడ మీద సన్నటి లోహపు మెట్లు అడ్డంగా దించి, వాటి కొసలు చేతికి తగలకుండా నున్న చేస్తుంది. వైర్లూ రంగులూ బేరాలూ భాస్కర్‌వి. అద్దె కట్టలేక రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడం కూడా అతనిదే.

తయారయ్యే ప్రతి గిటారుకూ మొదటి రోజే మెడ చివర ఒక దారం కడతాడు భాస్కర్. ఎర్రదారం కడితే అది ఎవరో ఒకరు తన చేతికోసం చేయించుకుంటున్నది. ఆ వచ్చినాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తెల్లకాగితం మీద చెయ్యి పెట్టించి, వేళ్ళ చుట్టూ పెన్సిల్‌తో గీత గీసుకుని, "చెప్పండి సార్, ఎట్లుండాలె?" అని అడిగి, ఆయన చెప్పినంతసేపూ వింటాడు. పసుపుదారానివి ఖమ్మం, విజయవాడ కొట్లకు పోతాయి. అన్నీ ఒకే కొలత. తెల్లదారానివి చౌకరకం. చర్చీలకు, బళ్ళకు, కొత్తగా నేర్చుకునేవాళ్ళకు.

మూడింటికీ రంగు ఒకటే, తీగలు ఒకటే. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. తేడా అంతా వాటి మీద పెట్టే కాలంలో ఉంది. ఎర్రదారం కర్ర అటక మీద ఏళ్ళ తరబడి ఆరుతుంది. పసుపుదారం కర్ర ఒక ఎండాకాలం చూస్తుంది. తెల్లదారం కర్ర కోతమిల్లు నుంచి దిగీ దిగగానే పగిడయ్య బల్ల ఎక్కుతుంది. ద్వాలి చెయ్యి కూడా అంతే. ఎర్రదానికి పత్తి ఒప్పుకునేదాకా రాస్తుంది. పసుపుదానికి పత్తి ఒక్కసారి చూపిస్తుంది. తెల్లదానికి పత్తి లేదు. అటొక రాపు, ఇటొక రాపు, అంతే.

ఇది భాస్కర్ దాచిపెట్టిన సంగతేమీ కాదు. చేరిన రోజే చెప్పాడు. "ఎర్రది పేరు తెస్తది, పసుపుది బువ్వ పెడ్తది, తెల్లది షెడ్డు కిరాయి కడ్తది. దేనికెంత చెయ్యి పెట్టాల్నో గంతే పెట్టాలె. అన్నిటికి ఒక్కతీరుగ పెట్టినమనుకో, మనమే మునుగుతం." ద్వాలికి అందులో తప్పేమీ కనపడలేదు. తండాలో తన ఇంట్లో కూడా కొత్త గొంగడి చుట్టం వచ్చినప్పుడే బయటికొస్తుంది.

మధ్యాహ్నం పగిడయ్య అడగకుండానే వచ్చి ద్వాలి అన్నం డబ్బా పక్కన తన డబ్బా పెట్టాడు. మొన్నమొన్నటిదాకా ఆమె డబ్బాలో పచ్చిమామిడి తొక్కు కనపడితే మొహం అటు తిప్పుకునేవాడు. వాళ్ళ గూడెంలో మామిడి కొత్త పండుగ కాకుండా ఆ ఏటి కాయ నోట పెట్టరు. పండుగైంది. ఇప్పుడు మూత తీయకముందే చెయ్యి చాపుతున్నాడు.

"జర నాగ్గూడా ఉంచన్నా," అంది ద్వాలి.

"నెల దినాలు ఊరించినవు గదా సెల్లె, ఇప్పుడు అనుభవించు."

భాస్కర్ ఫోను చెవిన పెట్టుకుని వాళ్ళ దగ్గరికి వచ్చాడు. అతని మొహంలో వారం రోజులుగా ఒకటే కంగారు. కారణం, ద్వాలి బల్ల మీద ఉన్న ఎర్రదారం గిటారు. దాన్ని చేయించుకుంటున్న రవికుమార్ కల్లూరు మనిషి. హైదరాబాదులో పెద్ద పెద్ద వేదికల మీద వాయిస్తాడు. శనివారం వచ్చి చూస్తానన్నాడు. ఆయన చేతిలో ఈ షెడ్డు గిటారు కనపడితే, వెనకాల ఇంకో నలుగురు వస్తారు. రాకపోతే వానలు పడేసరికి షెడ్డు మూసేయాలి. ఈ మాట భాస్కర్ పైకి అనలేదు కానీ, కొత్త కర్ర కొనడం ఆపేసినప్పుడే ఇద్దరికీ అర్థమైంది.

"ద్వాలీ, పాల్వంచ అవతల ఆడపిల్లల హాస్టలుకు మనం తెల్లవి ఆరు ఇచ్చినం గదా. ఆ కళావతి టీచర్ మాట్లాడింది. ఆదివారం సాయంత్రం వాళ్ల వార్షికోత్సవమంట. తీగలు తెగినయంట. రేపు నువ్వు బస్సెక్కి కొత్తవి ఇచ్చిరా. చేసినోళ్లను చూడాలని పిల్లలు ఒకటే అడుగుతున్నరంట."

"నన్నా?"

"నన్ను రమ్మంది. ఈ రంగు ఆరేదాక నేను కదుల్తనా? నువ్వు పోతే నేను పోయినట్లే."

తననెవరో చూడాలనుకుంటున్నారంటే ద్వాలికి సిగ్గేసింది, బాగుంది కూడా. మరునాడు పెట్టెలో అడుగున ఉన్న చీర తీసి కట్టుకుంది.

*

హాస్టలు రోడ్డు నుంచి కొంచెం లోపలికి, టేకు ప్లాంటేషన్ పక్కన. ఆకులు రాలి చెట్లన్నీ మోడులై ఉన్నాయి. గేటు దగ్గరే ఇప్పపువ్వు వాసన. కళావతి టీచర్ ఎదురొచ్చింది. ముప్పై దాటని మనిషి. ఇదే హాస్టల్లో చదివి ఇక్కడికే టీచరుగా వచ్చింది. ఆమెతోపాటు చదివినవాళ్ళంతా చందాలేసుకుని ఆ గిటార్లు కొనిచ్చారు.

"ఈ అక్కనే మన గిటార్లు చేసింది," అని కళావతి అనగానే వరండాలో వరసగా నిలబడ్డ పిల్లలు ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఒకమ్మాయి ముందుకొచ్చి మోదుగాకులో కోసిన మామిడి ముక్కలు పెట్టి ఇచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతున్న జంపక్క. అమ్మమ్మ పేరు పెట్టారట, క్లాసులో అందరూ ఆటపట్టిస్తారట, తనే చెప్పేసింది.

"కూసో అక్కా. వాయిస్తం, వినాలె నువ్వు."

తెగిన చోట ద్వాలి తెచ్చిన కొత్త తీగలు కళావతి బిగించింది. ఉన్న స్పీకరు డబ్బా ఒకటే. ఒక గిటారే దానికి తగిలిస్తారు, మిగిలిన ఐదూ మామూలుగానే వాయిస్తారు. అయినా ఆరుగురు పిల్లలు ఒకేసారి తీగలు మీటేసరికి ద్వాలి ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నేళ్ళుగా గిటార్లు చేస్తోంది. అవి షెడ్డు దాటి పోవడమే తప్ప, ఎవరి ఒళ్ళో ఎట్లా పలుకుతాయో ఆమె ఎప్పుడూ వినలేదు. భాస్కర్ సరిచూడటానికి టింగుటింగుమనిపిస్తాడు, అంతే. ఈ పిల్లలు గూడెం పండుగపాట ఒకటి పట్టుకున్నారు. తప్పులు పోతున్నారు, నవ్వుకుంటున్నారు, మళ్ళీ అందుకుంటున్నారు.

పాటయ్యాక జంపక్క గిటారు తెచ్చి చూపించింది. "చూడక్కా, మీరు కట్టిన దారం తెంపలే."

మెడ చివర భాస్కర్ కట్టిన తెల్లదారం అలాగే ఉంది. పిల్లలు దానికి పసుపు రాశారు. ఆరు గిటార్లకూ రాశారు. ఆరు దారాలూ పచ్చగా ఉన్నాయి.

"మంచిగ పలకాలని మీరు మొక్కి కట్టిండ్రు గదా. అందుకే ఉంచినం."

ద్వాలి ఆ దారాన్ని పట్టుకుంది. అప్పుడు చూసింది జంపక్క ఎడమచెయ్యి. చూపుడువేలు మొదట్లో, పక్కవాటుగా, గుడ్డపీలిక చుట్టి ఉంది. పీలిక మీద పసుపు మరకలు. పక్కనున్న పిల్ల చేతికీ పీలిక. ఆ పక్కపిల్ల పీలిక విప్పేసి ఉంది. వేలి పక్కన సన్నటి గాట్లు వరసగా, కొన్ని మానినవి, కొన్ని పచ్చివి.

"ఇదేంది బిడ్డా?"

"ఏం గాదక్కా. కొత్తల గిటార్ చేతులు కోస్తదంట గద. మిరపకాయ ఏరేటప్పుడు వేళ్లు మండినట్టు. అలవాటైతే పోతదని టీచర్ చెప్పింది."

కళావతి తలూపింది. "ఫోన్ల వీడియోలు చూసిన. నేర్చుకునేటప్పుడు వేళ్లు నొప్పి పుడ్తయని అందరూ చెప్తుండ్రు."

నొప్పి పుడతాయి, నిజమే. తీగలు నొక్కీ నొక్కీ వేళ్ళ కొసలు కాయలు కాస్తాయి. కానీ ఈ గాట్లు కొసల మీద లేవు. ద్వాలి గిటారు ఒళ్ళోకి తీసుకుని మెడ అంచున బొటనవేలు జరిపింది. పత్తి అవసరమే లేదు. ప్రతి మెట్టు కొసా కర్ర దాటి బయటికొచ్చి, రంపం పళ్ళలా వేలికి తగిలింది. మిగతా ఐదూ చూసింది. అన్నీ అంతే.

"వానల్ల చేసినం ఇవి. మీకు వచ్చినప్పుడు గిట్ల లేకుండె," అంది, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "మీరు వీటిని ఎక్కడ పెట్టిండ్రు?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని కిసుక్కుమన్నారు. కళావతి చెప్పింది. గిటార్లు వచ్చింది ఫిబ్రవరిలో. కొత్తవస్తువు, మామిడి కొత్త కాకుండా ముట్టకూడదని పిల్లలే నిర్ణయించేసుకున్నారు. తినేవాటికే ఆ నియమం అని ఆమె చెప్పినా వినలేదు. ఆరూ పెట్టెల్లోనే ఉంచి, రేకుల స్టోరుగదిలో పెట్టి తాళం వేయించారు. రోజూ వెళ్ళి కిటికీలోంచి చూసి వచ్చేవాళ్ళు. పండుగైన తెల్లారి పెట్టెలు తెరిచారు.

"అన్ని దినాలు ఎట్ల ఆగిండ్రే మీరు!" అంది ద్వాలి.

"ఎన్నడూ మాకు కొత్తవి రాలేదక్కా. అన్నీ పెద్ద క్లాసోళ్లు వాడినయే వస్తయి. మొదటిసారి కొత్తవి వచ్చినయి, జర మర్యాదగ చూసుకోవద్దా?"

ద్వాలికి అంతా అర్థమైంది. రేకుల కింద, మార్చి ఎండలో, పచ్చి కర్ర పెట్టెలో ఉండి ఎండింది. కర్ర కుంచించుకుని లోపలికి పోయింది, లోహం ఉన్నచోటే ఉండిపోయింది. ఆ మెట్లు దించింది తనే. అటొక రాపు, ఇటొక రాపు వేసి పక్కన పెట్టింది తనే. ఆ చేతులకే వీళ్ళు మామిడి ముక్కలు పెట్టి దండం పెడుతున్నారు.

"టీచరమ్మా, ఇవన్నీ నేను తీస్కపోయి బాగు చేసి తెస్త."

కళావతి మొహం మారిపోయింది. ఆమె ద్వాలిని పక్కకు పిలిచి గొంతు తగ్గించింది. "వద్దక్కా. మా దగ్గర్నుంచి బాగు చేస్తమని పోయినయేవీ మల్ల రాలే. కుట్టుమిషన్లు గట్లనే పోయినయి. ఆదివారం పిల్లల తల్లిదండ్రులంతా వస్తుండ్రు. చేతులు కోసినా సరే, వాయిస్తరు. ఉంచెయ్."

చివరికి ఒక్కటి ఇచ్చింది. జంపక్క తన గిటారే తెచ్చి, పెట్టెలో పడుకోబెట్టి, మూత వేసేముందు దారాన్ని సరిచేసింది. బస్సు దాకా పిల్లలంతా సాగనంపారు. బస్సు కదిలేటప్పుడు కూడా అదే అరుపు, "థాంక్స్ అక్కా!" ద్వాలి కిటికీ వైపు చూడలేకపోయింది.

*

భాస్కర్ జంపక్క గిటారు మెడ అంచున వేలు జరిపి, చురుక్కుమనగానే వెనక్కి తీసుకున్నాడు.

"ఎండకు గిట్లయింది. వాళ్లు స్టోరుగదిల పెట్టకుంటే..."

"పెట్టకున్నా అయ్యేది సార్. ఈ ఎండాకాలం గాకపోతే వచ్చే ఎండాకాలం."

"తెల్లదారమది ద్వాలీ! దానికి మనం పెట్టిన చెయ్యి గంతే. గంతకే అమ్మినం." అతను గట్టిగా అనబోయి, మాట మధ్యలో నీరసపడిపోయాడు. చెడ్డవాడైతే ద్వాలికి సులువుగా ఉండేది. తిట్టుకుని ఊరుకునేది. ఇతను జీతాలు ఇచ్చాకే తన ఇంటికి ఉప్పూపప్పూ కొనుక్కునే మనిషి. "శనివారం కానీ. రవికుమార్ సార్ చూసిపోయినంక అన్నీ తెప్పిద్దం. నేనే ఆటోల తెస్త."

"ఆదివారం సాయంత్రం వాళ్లది. అంతలోపట కావాలె."

"శనివారం కానీ అంటున్న గదా."

పగిడయ్య చిత్రిక పక్కన పెట్టి, హాస్టలు గిటారును ఎత్తి వెలుతురులో చూశాడు. దాని కర్ర చెక్కింది అతనే. పచ్చటి దారం మీద అతని వేలు ఆగింది. "కొత్త దాక ఆపిండ్రా!" అన్నాడు. నవ్వో బాధో తెలియలేదు. తర్వాత ఇటు తిరిగి, బల్ల మీది ఎర్రదారం గిటారును చూపించాడు. "సార్, ఇది నాలుగేండ్లు అటక మీద ఆరింది. ఇంక నాలుగు దినాలు ఆగినా దీనికేం గాదు. పచ్చికర్రకే ఆగే తెరువు లేదు."

"ఆగనిది కర్ర గాదు పగిడయ్యా, రవికుమార్," అని భాస్కర్ వెళ్ళిపోయాడు.

శుక్రవారమంతా ద్వాలి ఎర్రదారం మీదే కూర్చుంది. తల ఎత్తితే మూలన జంపక్క గిటారు కనపడుతోంది. ఎత్తకుండా పని చేసింది. సాయంత్రానికి పత్తి ఒప్పుకుంది. పింజె ఒక్క పోగు కూడా వదలకుండా మెడ పొడవునా జారి, ఆమె చేతిలోకి అలాగే వచ్చింది. ప్రతిసారీ ఆ క్షణంలో ఆమెకు లోపల ఏదో సంబరం కలిగేది. ఈసారి కలగలేదు.

*

రవికుమార్ శనివారం పొద్దెక్కకముందే వచ్చాడు. మర్యాదస్తుడే. ద్వాలికి, పగిడయ్యకు కూడా నమస్కారం పెట్టాడు. గిటారు ఒళ్ళో పెట్టుకుని వాయిస్తుంటే ముగ్గురూ పనులాపి నిలబడ్డారు. బ్రహ్మాండంగా ఉందన్నాడు. భాస్కర్ మొహం వెలిగింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన ఆగలేదు.

"కానీ భాస్కర్ గారూ, ఈ వెనక అంచు పక్కటెముకకు కొంచెం ఒత్తుతోంది. ఇక్కడ కాస్త తగ్గించాలి. ఈ సౌండు తిప్పే గుండీ బిగుతుగా ఉంది, చిటికెనవేలితో తిరగాలి నాకు. మెడ... మెడ బాగుంది, చాలా బాగుంది. కానీ ఇక్కడ అరచేతిలో ఒక వెంట్రుకవాసి ఎక్కువనిపిస్తోంది."

"చెప్పండి సార్, చెప్పండి," అంటూ భాస్కర్ ప్రతిదానికీ తలూపాడు. పెన్సిల్‌తో గుర్తులు పెట్టాడు. ఒత్తే చోట మళ్ళీ ఒత్తి చూపించమన్నాడు. రవికుమార్ చేతులు ద్వాలి దగ్గరినుంచి చూసింది. తెల్లటి, శుభ్రమైన చేతులు. ఎక్కడా గీత కూడా లేదు.

"సోమవారం ప్రోగ్రాం. ఇవాళ కల్లూరులో మా అన్నయ్య వెంకటనారాయణ ఇంట్లో ఉంటా. రేపు సాయంత్రం వచ్చి తీసుకుంటా. అయిపోతుంది కదా?"

"అయిపోతది సార్," అన్నాడు భాస్కర్.

కారు వెళ్ళిపోయింది. తర్వాత ద్వాలి లేచి నిలబడింది.

"సార్, రేపు నేను హాస్టలుకు పోతున్న."

భాస్కర్ నమ్మలేనట్టు చూశాడు. "రేపు? మెడ సన్నం చేసినంక మెట్ల కొసలు మల్ల రాయాలె. ఎవరు రాస్తరు?"

"ఆయన మంచోడే. వెంట్రుకవాసి ఎక్కువుందని చెప్పిండు, చెప్పిండు గాబట్టి బాగైతది. వాళ్లు చెప్పలే సార్. చేతులు తెగుతుంటే పసుపు పెట్టుకుని నాకు దండం పెట్టిండ్రు." ఆమె మూలనున్న జంపక్క గిటారును చూపించింది. "తిట్టినా నాకింత బాధ ఉండకపోవు. ఆ దండం నాతోని అయితలేదు."

"ద్వాలీ, రవికుమార్ పోతే షెడ్డు పోయినట్టే. నీ కూలి, నాది, పగిడయ్యది..."

"ఎరుకే సార్."

ఆమెకు నిజంగానే తెలుసు. ఈ షెడ్డు పోతే మళ్ళీ మిరపతోటలకే. అయినా పని ముగించాక ఆకురాళ్ళు గుడ్డలో చుట్టుకుంది. డబ్బాలోని పత్తి కొంగున కట్టుకుంది. "జంపక్క గిటార్ ఇక్కడ్నే ఉంచుతున్న. మీరు ఒక్కసారి వాయించి చూడుండ్రి," అని మాత్రం అంది. భాస్కర్ ఒకప్పుడు చర్చి బృందంలో వాయించేవాడు. షెడ్డు పెట్టాక తీరిక లేక మానేశాడు.

*

ఆదివారం మొదటి బస్సుకే ద్వాలి హాస్టలుకు చేరింది. వరండాలో చాప పరిచి, కాళ్ళు చాపుకుని, ఒళ్ళో మొదటి గిటారు పెట్టుకుంది. కళావతి టీచర్ మొదట కంగారుపడింది, తర్వాత తనే తీగలు వదులు చేసి అందించడం మొదలుపెట్టింది.

పిల్లలు చుట్టూ మూగారు. ద్వాలి కొంగుముడి విప్పి తలా ఒక పింజె ఇచ్చింది. "ఇట్ల జారవిడువుండ్రి. ఎక్కడ పోగు తట్టుకుంటే అక్కడ నాకు చూపియ్యుండ్రి."

పత్తి ఆ పిల్లలకు కొత్త కాదు. సెలవుల్లో ఇంటికి పోతే అందరూ ఏరేవాళ్ళే. వెంటనే పట్టుకున్నారు. "అక్కా, ఈడ తట్టింది!" "అక్కా, ఈడ కూడా!" తట్టని చోటే లేదు. ద్వాలి రాస్తూ పోయింది. సన్నటి లోహపు పొడి ఆమె చీర మీద రాలుతోంది. ఎండ వరండా మెట్లెక్కేసరికి ఒకటి పూర్తయి రెండోది సగంలో ఉంది. సాయంత్రంలోగా ఐదూ కావని ఆమెకు అర్థమైంది. ఆ సంగతి పిల్లలకు చెప్పకుండా చెయ్యి ఇంకొంచెం వేగం చేసింది.

అప్పుడు గేటు దగ్గర ఆటో ఆగింది. పగిడయ్య దిగి, పనిముట్ల సంచి భుజానికేసుకున్నాడు. వెనకాల భాస్కర్, జంపక్క గిటారు పెట్టె రెండు చేతులతో పట్టుకుని. అతని ఎడమచేతి చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

ద్వాలి ఆ పీలిక చూసింది. అతను ఆమె చూడటం చూశాడు.

"మరి రవికుమార్ సార్?" అంది ద్వాలి.

"పొద్దుగాల ఫోన్ చేసిన. తిట్టిండు. సోమవారం పాతదే వాయించుకుంటడంట. మంగళారం దాక ఆగుతనన్నడు." భాస్కర్ చాప అంచున కూలబడి, సంచిలోంచి ఇంకో ఆకురాయి తీశాడు. "పగిడయ్య చెప్పిందే నిజం. ఆరిన కర్ర ఆగింది. ఇగ మీదట తెల్లవి తక్కువే చేద్దం. వాటి కర్ర గూడ ఒక్క ఎండాకాలం అటక ఎక్కాల్సిందే. మునిగితే మునుగుదం గానీ, ఇట్ల గాదు."

ద్వాలి తల వంచుకుని రాసుకుంటూ పోయింది. ఇన్నేళ్ళలో ఆ మనిషి మీద ఆమెకు అంత కృతజ్ఞత ఎప్పుడూ కలగలేదు. పక్కన పగిడయ్య కూర్చుని, పిల్లలతో తమ గూడెం భాషలో ఏదో అన్నాడు. వాళ్ళు పగలబడి నవ్వారు. కొత్త దాకా ఆగినందుకు మెచ్చుకున్నాడో, వెక్కిరించాడో ఆమెకు తెలియలేదు.

జంపక్క గిటారు అప్పటికే బాగై ఉంది. రాత్రే భాస్కర్ రాశాడట. ఆ పిల్ల దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మొదట భయపడుతూ, తర్వాత భయం లేకుండా, చేతిని మెడ పొడవునా జార్చింది. మళ్ళీ జార్చింది. చేతికున్న పీలిక విప్పి పారేసింది. వాయించింది. ఆరోజు వాయించిన పాటే, ఈసారి ఎక్కడా ఆగకుండా.

ద్వాలి ఎదురుచూసింది. ఇప్పుడు థాంక్స్ అంటుంది, దండం పెడుతుంది అనుకుని ముందుగానే బిడియపడింది.

జంపక్క గిటారును ఇటూ అటూ తిప్పి చూసి, మొహం చిట్లించింది.

"అక్కా, ఇప్పుడు కోస్తలేదు గానీ, మెడ లావుంది. నా వేలు ఈ కింది తీగ దాక అందుతలేదు."

కళావతి "ఏయ్ జంపక్కా!" అని కళ్ళెర్ర చేసింది. కానీ తలుపు తెరుచుకున్నాక ఆగుతుందా?

"అవ్ అక్కా, నాది బరువుంది. భుజం గుంజుతది."

"నా దాని గుండీ గిర్రున తిరుగుతది అక్కా, ముట్టుకుంటేనే."

"నేను ఎడమచేతివాటం. నాకు ఉల్టా చేసియ్యరా?"

భాస్కర్ ఆకురాయి కింద పెట్టాడు. జేబులు తడుముకుని పెన్సిల్ తీశాడు. కళావతి టీచర్ చేతిలోంచి వార్షికోత్సవం కాగితం ఒకటి అడిగి తీసుకుని, వెనకవైపు తిప్పి, జంపక్క ముందు నేల మీద పరిచాడు.

"చెయ్యి పెట్టు తల్లీ. వేళ్లు బాగ చాపాలె." చిన్నటి ఎడమచెయ్యి చుట్టూ, ఎండిన గాట్లకు తగలకుండా, పెన్సిల్ మెల్లగా నడిచింది. "ఊఁ, ఇప్పుడు చెప్పండి మేడమ్. ఎట్లుండాలె?"

పిల్లలంతా విరగబడి నవ్వారు. జంపక్క నవ్వలేదు. చాలా గంభీరంగా, వేలుతో మెడ మీద ఇక్కడ, ఇక్కడ అని చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది. పగిడయ్య సంచిలోంచి చిత్రిక తీసి, ఎంత తగ్గించాలో వంగి చూస్తున్నాడు.

ద్వాలి సగంలో ఉన్న గిటారు ఒళ్ళోకి లాక్కుని, కొంగులోంచి కొత్త పింజె తీసుకుంది. ఆ పిల్ల ఇంకా చెబుతూనే ఉంది, ఒకటి తర్వాత ఒకటి, ఏమాత్రం మొహమాటం లేకుండా. ఆ ఫిర్యాదులు వింటూ ద్వాలి మనసులోనే జంపక్కకు దండం పెట్టుకుంది.